ఆమెన్ అనేలోపు గడ్డి

మా నాయిన బూర్గంపాడులో చర్చి తోటమాలి. గడ్డి కోసే పెట్రోలు మిషన్ తాడు లాగితే మోత ఊరంతటికీ, పొగ ఆయనొక్కడికీ. దగ్గు పట్టుకుంటే భద్రాచలం దవాఖానాలో డాక్టరు, "మిషనన్నా మానెయ్, ఊపిరన్నా మానెయ్" అన్నాడు. నాయిన ఆలోచించి చెప్తానన్నాడు.

పాస్టరుగారు జాలిపడి కరెంటు మిషన్ తెప్పించారు. పొగ లేదు. మోతా లేదు, అదే గొడవ. సంఘపెద్ద దాని చుట్టూ తిరిగి, "ఇదేం కోస్తది? నువ్వు పని చేస్తున్నవో పండుకున్నవో మాకెట్ల తెలుస్తది?" అన్నాడు. ఆదివారంలోపు గడ్డంతా కొయ్యకపోతే పాత మిషన్‌కి కొత్త మనిషిని పెడతామని తేల్చేశాడు.

ఆ వారం పగలు కరెంటే లేదు. అమ్మ ఏడ్చింది. కొత్త మిషన్‌కి లాగడానికి తాడైనా లేదు.

శుక్రవారం ఉపవాస ప్రార్థన. సంఘపెద్ద ప్రార్థన ఆదాము దగ్గర బయల్దేరి మా బోరింగు దాకా వస్తుంది, మధ్యలో స్టాపులెక్కువ. అబ్రాహాము దగ్గరికి చేరగానే కరెంటొచ్చింది. ఫ్యాన్లు తిరిగాయి, మైకు లేచింది, ఆయన గొంతు రెట్టింపైంది.

పాత మిషనైతే ప్రార్థన టైంలో ముట్టుకునేవాళ్ళం కాదు. కిటికీ పక్కన నేను, అలవాటు ప్రకారం, కళ్ళు తెరిచే కూర్చున్నాను. బయట నాయిన మిషన్ తోస్తున్నాడు, వెనక అమ్మ వైరు భుజానేసుకుని నడుస్తోంది. ఫ్యాన్ల గుయ్యిలో మిషన్ గుయ్యి కలిసిపోయింది. మోషే సముద్రం దాటేసరికి గేటు వైపు అయిపోయింది. సొలొమోను గుడి కట్టేసరికి బావి వైపు. ఆ ప్రార్థన ఇంకాస్త సాగాలని పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కోరుకున్నాను. దేవుడు విన్నాడు. ఆయనకదేం పెద్ద కష్టం కాదు.

ఆమెన్ చెప్పి బయటికొచ్చిన సంఘపెద్ద మెట్ల మీదే ఆగిపోయాడు.

"ఎప్పుడు కోసినవయ్యా?"

"మీరు ప్రార్థన చేసేటప్పుడే, పెద్దయ్యా."

"నాకు వినపడలేదే!"

"నాకు మాత్రం మీది మొత్తం వినపడ్డది" అన్నాడు నాయిన.

సంఘపెద్ద వంగి గడ్డి నిమిరి చూశాడు. కొత్త మనిషి ఊసెత్తలేదు. ఆదివారం సాక్ష్యంలో అదంతా తన ప్రార్థనా ఫలమన్నాడు. పట్టిన టైం చూస్తే కాదనలేం.

పాత మిషన్ మీద ఇప్పుడు కోళ్ళు పండుకుంటున్నాయి. కొన్ని నెలలకి నాయిన దగ్గకుండా ఒక పాట మొత్తం పాడాడు, చర్చి అదిరేలా. శ్రుతి సంగతి అడగొద్దు. సంఘపెద్ద వెనక్కి తిరిగి చూశాడు.

"ఇంక మోత లేదని ఎవలంటరు?" అంది అమ్మ.