ఖాశింబీ గారి చూపు

ఈ ఉదయం రక్తపరీక్షకు వచ్చిన పెద్దాయన లవంగం నములుతున్నాడు. స్పిరిట్ దూదితో ఆయన వేలు తుడుస్తుంటే ఆ రెండు వాసనలూ కలిసి తగిలాయి. నా చెయ్యి ఆగిపోయింది. ఖాశింబీ గారు పక్కన నిలబడినట్టే ఉంది.

దర్శిలో మా చిన్న ల్యాబుకు ఆవిడే పెద్ద దిక్కు. ముప్పయ్యేళ్లు మైక్రోస్కోపులో కణాలు చూసిన మనిషి. నేను చేరాక రెండేళ్లకే షుగరు ఆవిడ చూపును దాదాపు తినేసింది. అయినా రోజూ లవంగం నములుతూ వచ్చి నా పక్కన కూర్చునేవారు. నేను చూసింది చెబితే, విని అదేమిటో చెప్పేవారు.

ఆ రోజుల్లోనే పరిశోధకులెవరో వాడి చూడమని మాకొక చిన్న పెట్టె ఇచ్చారు. అందులో ఫోను అమర్చి, వెంట్రుకంత సన్నని కాలువలున్న బిళ్లలో రంగుమందు కలిపిన రక్తపుచుక్క వేస్తే, తెల్లకణాలు మెరుస్తూ తెరమీద సాగిపోయేవి. గాలికి తేలే పత్తిపింజల్లా ఉండేవి. చూస్తూ చూస్తూ నేను ఎక్కడున్నానో మరిచిపోయేదాన్ని. చివర్లో ఫోనే లెక్క చెప్పేది.

ఒక మధ్యాహ్నం ఇద్దరం దాన్ని మిరప కల్లానికి తీసుకెళ్లాం. చుట్టూ నేలంతా ఎర్రగా ఆరబోసి ఉంది. కాయలు ఏరే కోటేశ్వరమ్మకు నాలుగు రోజులుగా జ్వరం. ఫోను చాలా తక్కువ అంకె చూపించింది. తెల్లకణాలు పడిపోయాయని, వెంటనే ఒంగోలు వెళ్లాలని ఆమెతో అనేశాను. ఆమె ఉన్నచోటే కూలబడింది. తనకేమైనా అయితే కూతుర్ని ఎవరింట్లో ఉంచాలో పక్కామెకు చెప్పడం మొదలుపెట్టింది.

వేపచెట్టు కింద మంచంమీదున్న ఖాశింబీ గారికి ఆ మాటలు వినపడ్డాయి. నన్ను పిలిచి, కణాలు ఎలా వస్తున్నాయని అడిగారు. అంకె చెప్పాను.

"అంకె కాదమ్మా. ఎలా వస్తున్నాయి?"

వీడియో మళ్లీ పెట్టాను. వరసగానే వస్తున్నాయిగానీ, ఒకచోట మాత్రం దేన్నో తప్పుకుని పక్కకు పోతున్నాయని చెప్పాను. అక్కడ ఏమీ లేదన్నాను.

"ఆ ఏమీ లేనిది గుండ్రంగా ఉందా?"

"గుండ్రంగానే ఉందండి."

"గాలిబుడగ. దారి సగం మూసేసింది. కొత్త బిళ్ల తియ్యి."

కొత్త బిళ్లలో అంకె మామూలుగానే వచ్చింది. నాకు సిగ్గేసింది. ఆ సంగతి ఆవిడే చెబితే బాగుంటుందన్నాను.

"భయపెట్టింది నువ్వు. ఆ భయం నువ్వే తియ్యాలి," అన్నారు.

వెళ్లి కోటేశ్వరమ్మ ముందు కూర్చుని, తప్పు నాదేనని, కణాలు బాగానే ఉన్నాయని, జ్వరానికి మాత్రం డాక్టరుకు చూపించుకోవాలని చెప్పాను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ వేళ్ల కారానికి సాయంత్రందాకా నా అరచెయ్యి మండుతూనే ఉంది. వారానికల్లా ఆమె జ్వరం తగ్గింది.

ఖాశింబీ గారు పోయి రెండేళ్లయింది. ఇప్పటికీ ఫోను అంకె చూపించగానే నేను నోరు తెరవను. తెరమీద కదిలేదంతా ఒకసారి నాలో నేనే చెప్పుకుంటాను. తరవాత కుర్చీ దగ్గరకు లాక్కుని, ఆ మనిషి ఎదురుగా కూర్చున్నాకే ఫలితం చెబుతాను.