పూజ చేయించిన వెడల్పు టైర్లు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ నన్ను మా టైర్ల కంపెనీ అమలాపురం వేసింది. హోదా టెక్నికల్ సర్వీస్ ఇంజనీరు. అసలు పని క్లెయిములు చూడటం. కొత్త టైరు త్వరగా పేలిపోతే తప్పు తయారీదా, వాడినవాళ్లదా అని తేల్చాలి. అంబాజీపేట కొబ్బరి లారీలు, మండపేట బియ్యం లారీలు నా రోజువారీ బతుకు. పట్టినంతా ఎక్కించేసి “టైరు మంచిది కాదండీ” అని అతి మర్యాదగా చెప్పేవాళ్లతో నా సర్వీసంతా గడిచింది. అందుకే రాజోలు దగ్గర రొయ్యల చెరువులున్న సత్తిరాజుగారు ఫోన్ చేసి, రేసుకి వెళ్లే స్పోర్ట్స్ కారుకి టైర్ల సైజు చెప్పమంటే ప్రాణం లేచివచ్చింది.

ఆయన వెళ్లబోయేది ఆటోక్రాస్. ఖాళీ మైదానంలో ప్లాస్టిక్ కోన్లు పెడతారు. వాటి మధ్య మెలికలు తిరుగుతూ ఒక్కొక్క కారే వెళ్లాలి. తక్కువ సమయంలో వచ్చినవాడు గెలిచినట్టు. కోను పడితే సెకన్లు కలుపుతారు. అందరూ మా రాజుగారిలాంటి సరదారాయుళ్లే. బండి రెండో గేరు దాటడం అరుదు.

ఇంటికి వెళ్లాక అసలు సంగతి తెలిసింది. కారులో సీట్లు రెండు, ఇంట్లో మనుషులు ఐదుగురు. పోటీలో మొదటి ముగ్గురిలో రాకపోతే ఆ కారు అమ్మేసి ఏడు సీట్ల బండి కొనాలని ఆయన భార్య సూర్యకుమారిగారు షరతు పెట్టారు. ఆవిడ అడిగినదాంట్లో నాకు అన్యాయమేమీ కనిపించలేదు. కానీ రాజుగారు ఆ కారు బానెట్ మీద చెయ్యివేసి నిలబడిన తీరు చూస్తే జాలేసింది.

కారుతో వచ్చిన సైజు 195/50 ఆర్ 15. మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో టైరు పక్క గోడ ఎత్తు ఎంత శాతమో, చివరిది రిమ్ము అంగుళాలు. రాజుగారు వాటిని తీసేసి, అదే 50 శాతంలో 225 వెడల్పువి బిగించేశారు. లావుగా ఉంటే పట్టు ఎక్కువని ఆయన నమ్మకం. సన్నని రిమ్ము మీద లావు టైరు వేస్తే గోడలు ఉబ్బి, స్టీరింగ్ తిప్పిన కాసేపటికిగాని బండి తిరగదు. పైగా ఎత్తు పెరిగి, మలుపు నుంచి లేచేటప్పుడు ఇంజను మూలుగుతుంది. పాత సైజులోనే మెత్తటి రబ్బరు టైర్లు వేయమన్నాను.

“అంత చదువుకున్నవారు, ఉన్న సైజే వేయమంటారేంటండీ?” అన్నారాయన నీరసంగా. అయినా ఒప్పుకున్నారు.

అడ్డుపడింది ఆయన తల్లిగారు. లావు టైర్లు బిగించగానే ఐనవిల్లి తీసుకెళ్లి పూజ చేయించారట, నిమ్మకాయలు తొక్కించారట. “వినాయకుడి ముందు పెట్టిన చక్రాలు పోటీ అవకుండా ఊడదీస్తే ఊరుకుంటాడా అండీ?” అన్నారు.

“ఆయ్, అత్తయ్యగారు చెప్పేరు కదండీ. ఇంక విప్పడానికి లేదు,” అన్నారు సూర్యకుమారిగారు. అంతవరకు అత్తగారు చెప్పిన కూర కూడా వండని మనిషని రాజుగారు తర్వాత నా చెవిలో వేశారు. ఆ లావు టైర్లతో ఆయన ఓడిపోతారని ఆవిడకి నాకంటే ముందే అర్థమైంది.

ట్రయల్ వేద్దామన్నాను. ఆదివారం అంబాజీపేటలో తెలిసినవాళ్ల కొబ్బరి యార్డు ఖాళీగా ఉంటే, కోన్లకి బదులు ప్లాస్టిక్ బక్కెట్లు బోర్లించాం. రాజుగారు స్టీరింగ్ పట్టుకున్నారు, పెద్దావిడను పక్క సీట్లో కూర్చోమన్నాను.

“అత్తయ్యగారికి కళ్లు తిరుగుతాయేమోనండీ,” అన్నారు కోడలు.

“వరద గోదాట్లో పడవెక్కినదాన్నే, నాకేం తిరుగుతాయి?” అంటూ ఆవిడ ఎక్కేశారు.

మొదటి మలుపులోనే టైరు మడ్‌గార్డుకి రాసుకుని గరగరలాడింది. రబ్బరు కంపు కొట్టింది. పెద్దావిడ దిగి ఏమిటా చప్పుడని అడిగారు. పూజ చేసిన టైరు రేకుకి ఒరుసుకుంటోందని, పసుపు బొట్టు కూడా చెరిగిపోయిందని చూపించాను. ఆవిడ రెండు చేతులతో లెంపలు వేసుకున్నారు. “ఎంత అపచారం! ముందు విప్పించరా అబ్బాయీ!” అన్నారు. ఆ టైర్లు కడిగించి, పూజగది పక్కన పెట్టించారు. నేను చెప్పిన సైజు టైర్లకి ఐనవిల్లిలో మళ్లీ పూజ జరిగింది. కోడలు నా వైపు చూసిన చూపు ఇంకా మరిచిపోలేదు.

పోటీలో రాజుగారు ఒక కోను పడగొట్టారు. మైదానం మొత్తం మీద సూర్యకుమారిగారు ఒక్కరే చప్పట్లు కొట్టారు. అయినా మూడో స్థానం వచ్చింది, కారు మిగిలింది. నేను పొంగిపోయాను.

కొన్ని వారాలకి సూర్యకుమారిగారు మా ఆఫీసుకే వచ్చారు. ఆ యార్డులో ఎక్కినప్పటి నుంచి అత్తగారు పక్క సీటు రుచి మరిగారట. గుడికీ, పెళ్లికీ, చివరికి బీపీ చూపించుకోవడానికీ ఆ కారే కావాలట.

“మీ లెక్క బాగానే కుదిరిందండీ. ఆయనకి కారు దక్కింది, ఆవిడకి సీటు దక్కింది. ఇదివరకు అప్పుడప్పుడైనా ఎక్కేదాన్ని, ఇప్పుడు నేను ఆటోలో వచ్చేనండీ,” అన్నారు.

టీ తెప్పించాను. ఆవిడ తాగలేదు.

టైరు సైజు ఎంచడానికి రిమ్ము, బరువు, వేగం, నేల చూడాలని మాకు ట్రైనింగులో నేర్పారు. ఆ బండి ఇంట్లో ఉండాలని ఎవరు కోరుతున్నారో, పోవాలని ఎవరు కోరుతున్నారో కనుక్కోవడం వాటన్నిటికంటే ముందు చేయాల్సిన పని. అది తెలిశాక నేను ఇళ్లకి వెళ్లడం మానేసి లారీలతోనే సరిపెట్టుకున్నాను.