రెండు రంగుల షీటు

పుంగనూరు సర్కారు ఆసుపత్రికి గ్రేడ్-వన్ ఫార్మసిస్టుగా నాకు బదిలీ అయింది రిటైర్మెంటుకు ఎనిమిదేళ్ళ ముందు, ఆషాఢ మాసంలో. గ్రేడ్-టూ వాళ్ళు కిటికీ దగ్గర నిలబడి మందులు ఇస్తారు. గ్రేడ్-వన్ అంటే స్టోరు మీద పెత్తనం: కావలసిన మందులకు ఇండెంటు రాసి పంపడం, వచ్చిన సరుకు సరిచూసుకోవడం, గడువు దగ్గరపడిన మందులను ముందుకు జరపడం. కాగితం మీద అంతే. మా దగ్గర గ్రేడ్-టూ పోస్టు ఖాళీగా ఉండేది కాబట్టి, పెత్తనమూ నాదే, కిటికీ చాకిరీ కూడా నాదే.

జిల్లా మందుల డిపో నుంచి మాకు వచ్చేవాటికి ఒక జాబితా ఉంటుంది. బీపీ, షుగరు, జ్వరం, పుండ్లు, కాన్పులు, వీటికి కావలసినవన్నీ అందులో ఉంటాయి. ముట్లు ఆగే వయసులో ఆడవాళ్ళకు రాసే హార్మోను మాత్రలు మాత్రం అందులో ఉండేవి కావు. ఆ చీటీ కిటికీలోంచి లోపలికి వస్తే నేను చూసి, "బయట తీసుకోమ్మా" అని వెనక్కి ఇచ్చేదాన్ని. వాళ్ళు మారు మాట్లాడకుండా తీసుకునేవాళ్ళు. ఆ మాత్రలు ఖరీదైనవి. నెల నెలా కొనాలి, ఏళ్ళ తరబడి కొనాలి. మగవాడి గుండె మందులయితే ఇంట్లో ఆవును అమ్మైనా కొంటారు. ఆడదానికి ఒళ్ళు మండుతోందన్నా, నిద్ర పట్టడం లేదన్నా "అందరికీ ఉండేదే కదా" అంటారు. అలా అనేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఆ ఏడే నాకూ యాభై రెండు నిండాయి.

కిటికీ దగ్గర నిలబడి ఉండగానే మెడ నుంచి మంట లేచేది. పైన ఫ్యాను తిరుగుతున్నా రవిక తడిసి ముద్దయ్యేది. నెలల తరబడి నిద్ర లేదు. పెద్ద కోరికలేమీ ఉండేవి కావు నాకు, పడుకుంటే తెల్లారి లేవాలి, అంతే. ఆ ఒక్కదాని కోసం అలమటించిపోయాను. మంగళ, శుక్రవారాల్లో మదనపల్లె నుంచి స్త్రీల డాక్టరమ్మ వచ్చేది. ఆమె రాసిచ్చిన చీటీ హ్యాండుబ్యాగులో పెట్టుకుని రెండు నెలలు తిరిగాను. జీతం తీసుకునే మనిషిని, అయినా నాకింత ఖరీదు మందా అని చెయ్యి వెనక్కి వచ్చేది. చివరికి ఆమే విసుక్కుని చౌక రకం రాసింది. రోజూ ఒకే రంగు మాత్ర, మదనపల్లె జెనరిక్ షాపులో దొరుకుతుందంది. వారం తిరక్కుండానే మంట తగ్గింది. మూడో వారం అనుకుంటాను, ఒకరోజు తెల్లవారి పాలవాడు తలుపు కొడితే గాని లేవలేదు. లేచి మంచం మీద కూర్చుని ఏడ్చాను. సిగ్గేమీ లేదు చెప్పుకోవడానికి.

ఇక ఊరందరికీ ఆ మాత్రలే ఇప్పించాలన్నంత ఊపు వచ్చింది నాకు. అప్పుడే గంగరత్న కళ్ళబడింది.

ఆమెది సోమల దగ్గర పల్లె. ముప్పై ఆరేళ్ళ మనిషి. రెండెకరాల టమోటా, రెండు పాడి ఆవులు, భర్త మునెప్ప, అత్త. పిల్లలు లేరు. ముప్పై నాలుగేళ్ళకే ముట్లు ఆగిపోయాయి. అండాశయాలు కొందరిలో అలా ముందే పని మానేస్తాయి. అలాంటివాళ్ళు ఎముకలు గుల్లబారకుండా, గుండె దెబ్బతినకుండా యాభై ఏళ్ళ దాకా హార్మోను మాత్రలు వాడాలి. డాక్టరమ్మ ఆమెకు రెండు రంగుల మాత్రల షీటు రాసింది. మొదటి సగం ఒక రంగు, రెండో సగం ఇంకో రంగు. రెండో రంగు అయిపోయేసరికి నెలసరిలాగే మూడు రోజులు కనబడుతుంది.

ప్రతి నెలా బస్సు దిగి నేరుగా నా కిటికీ దగ్గరికే వచ్చేది. "మేడమ్, ఈ తూరన్నా వచ్చినాయా సర్కారువి?" అనేది. లేదనేదాన్ని. ఎదురుగా ఉన్న మెడికల్ షాపులో కొనుక్కుని మళ్ళీ నా దగ్గరికే వచ్చి, గడువు తేదీ చూడమని షీటు చేతికిచ్చేది. ఒక ఆవు పాల డబ్బు మొత్తం ఆ షీటుకే పోతోందని ఒకసారి తనే చెప్పింది. కాళ్ళకు తెగిన చెప్పులు, పిన్నీసు పెట్టి తగిలించినవి. నాకు ఒళ్ళు మండిపోయింది, ఈసారి వయసు మంట కాదు.

చీటీలో రాసిన మందును మార్చే అధికారం ఫార్మసిస్టుకు లేదు. మార్చాలంటే డాక్టరు కొట్టేసి, కొత్తది రాసి, పక్కన పొడి సంతకం పెట్టాలి. మంగళవారం ఓపీ అయ్యాక గంగరత్న చీటీ పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె చీటీ చూసి, ఎముకలకు ఆ ఒకే రంగు మాత్రలూ అంతే పనిచేస్తాయంది. కాకపోతే నెలసరి రాదు, ఆ సంగతి చెప్పి ఇవ్వమని, పాతది కొట్టేసి కొత్తది రాసింది. "రాకపోతే ఇంకా మేలు కదా డాక్టర్, పీడా వదిలిపోతుంది" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆదివారం మదనపల్లె వెళ్ళినప్పుడు మూడు నెలలకు సరిపడా నేనే కొనుక్కొచ్చాను. గంగరత్న రాగానే చేతిలో పెట్టి, ధర చెప్పాను. నమ్మలేక రెండుసార్లు అడిగింది. ఎప్పుడు వేసుకోవాలో, మరిచిపోతే ఏం చెయ్యాలో, తడి తగలకుండా ఎక్కడ పెట్టాలో అన్నీ విడమరిచి చెప్పాను. నెలసరి రాదన్న మాట చివర్న తీపికబురులా చెబుదామని అట్టేపెట్టుకున్నాను. ఈలోగా కిటికీ దగ్గర జనం తోసుకున్నారు. ఒకాయన తన బీపీ మాత్రలు తక్కువ వచ్చాయని గొడవకు దిగాడు. ఆయనతో మాట్లాడి తిరిగి చూసేసరికి గంగరత్న బస్సుకు వెళ్ళిపోయింది. వచ్చే నెల చెప్పవచ్చులే అనుకున్నాను. వచ్చే నెల ఆమెకు రావలసిన పని లేదని, మూడు నెలల మందు నేనే ఇచ్చానని తట్టలేదు.

రెండు నెలలు దాటాక వచ్చింది. వరుసలో నిలబడలేదు. పక్క తలుపు నుంచి స్టోరులోకి వచ్చి, పూలలో చుట్టి తెచ్చిన తాంబూలం నా బల్ల మీద పెట్టింది. ఎప్పుడూ మేడమ్ అనేది, ఆరోజు అక్కా అంది.

"అక్కా, నిలిచినాదక్కా. రెండు నెల్లాయె. నువ్వు ఇచ్చిన మాత్రల పుణ్యమే."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఏం నిలిచిందని అడిగాను. ఆమె సిగ్గుపడింది. మా అత్త నన్ను పాల క్యాను కూడా ఎత్తనీలేదు, మా ఆయప్ప పుంగనూరు సంతలో దానిమ్మకాయలు తెచ్చినాడు, నెత్తురు మాత్రలు ఇయ్యక్కా అంటూ చెప్పుకుపోతోంది. పిన్నీసు చెప్పులు పోయి కాళ్ళకు కొత్త చెప్పులు ఉన్నాయి.

వాళ్ళ ఇంట్లో నెలకు మూడు రోజులు ఆడవాళ్ళు ఇంటి ముందు పంచలో కూర్చుంటారు. చాప, కంచం, చెంబు విడిగా. నేను ఆ ఆచారం పేరెత్తితేనే మండిపడే మనిషిని. కానీ గంగరత్నకు అది మరోలా ఉండేదని ఆరోజు తెలిసింది. ముట్లు ఆగిన ఏడాది ఆమె పంచలో కూర్చోలేదు. ఆ ఏడాదంతా అత్త మునెప్పకు ఇంకో పిల్లను చూసే మాట ఎత్తిందట. రెండు రంగుల షీటు మొదలయ్యాక మళ్ళీ నెల నెలా పంచలో చాప పరిచింది, ఆ మాట ఆగిపోయింది. ఇప్పుడు రెండు నెలలుగా చాప పరచలేదు. ఇంట్లో అందరూ ఒకటే అనుకున్నారు.

ల్యాబులో పరీక్ష చేయించాను. ఒక్కటే గీత, కడుపు లేదు. సెలైను పెట్టెల మీద కూర్చోబెట్టి, మాత్రలు మారినందువల్ల రాలేదమ్మా, అంతే అన్నాను. అంతటితో ఆగకుండా, అన్నీ చెప్పాల్సిందే అనుకుని, ముందు వచ్చింది కూడా ఆ మాత్రల వల్లేనని, లోపల అండాలు లేకపోయినా మాత్ర ఆపినప్పుడు అలా కనబడుతుందని చెప్పాను.

ఆమె పరీక్ష పట్టీని కిటికీ వెలుతురుకు పట్టుకుని చూసింది.

"అయితే ఇన్ని నెల్లూ వచ్చింది నాది కాదా అక్కా?"

ఆమె గట్టిగా ఏడ్చి ఉంటే ఓదార్చేదాన్ని. ఏడవలేదు. డాక్టరమ్మ చెప్పింది కదా అంటే, "నెల నెలా వస్తాదని చెప్పింది. వస్తే బిడ్డ కూడా వస్తాది కదా అనుకుంటి. ఎవురూ కాదని చెప్పలేదే" అంది. నిజమే. డాక్టరమ్మ వైద్య భాషలో చెప్పింది, నేను ధర చెప్పాను, ఇద్దరమూ ఇది చెప్పలేదు.

శుక్రవారం డాక్టరమ్మ ఎదుట కూర్చోబెట్టి మళ్ళీ అన్నీ చెప్పించాను. బిడ్డ విషయంలో ఆశ దాదాపు లేదని ఆమె ఈసారి తెలుగులో, మెల్లగా చెప్పింది. గంగరత్న అంతా విని, ఇంట్లో లెక్క తప్పిందని చెప్పుకుంటాలే అంది. తర్వాత నావైపు తిరిగి, పాత మాత్రలే రాయించక్కా అంది.

నాకు ఎంత తెలివి ఉండాలి! అప్పటికీ ధర దగ్గరే ఉన్నాను. కిందికి వంగి మెల్లగా చెప్పాను.

"ఆ ఖరీదు మళ్ళా యాల గంగరత్నా? ఇవే వేసుకో. నెలకు మూడు దినాలు ఊరికే పంచలో కూర్చో. ఎవురన్నా వచ్చి సూస్తారా?"

"వాళ్ళకు అట్ల చెప్పచ్చక్కా," అంది. "నాకు నేను ఏమని చెప్పుకోవల్ల?"

మాత్రదేనని తెలుసు కదా అన్నాను.

"తెలుసు. మాత్రదే. వచ్చేది నాకు కదా."

డాక్టరమ్మ నేను మార్పించిన మందును కొట్టేసి, రెండు రంగుల షీటు రాసి, పొడి సంతకం పెట్టింది. గంగరత్న చీటీ మడిచి కొంగున కట్టుకుని బయటి షాపుకు వెళ్ళింది. తిరిగి వచ్చి ఎప్పటిలాగే గడువు తేదీ చూపించుకుంది. నేను పుంగనూరులో ఉన్న మిగతా మూడేళ్ళూ ఆమె అవే కొన్నది. ఆ మూడేళ్ళలో మునెప్ప ఇంకో పెళ్ళి చేసుకోలేదు. ఆ తర్వాతి సంగతి నాకు తెలియదు.

నన్ను కుప్పం బదిలీ చేశారు, అక్కడే రిటైరయ్యాను. అక్కడ కూడా మందు బయట కొనలేమన్నవాళ్ళ చీటీలు పట్టుకుని డాక్టర్ల చుట్టూ తిరిగాను, చౌక రకాలు రాయించాను. అది తప్పని ఇప్పటికీ అనుకోను. కాకపోతే చీటీ తీసుకునే ముందు ఒక ప్రశ్న అడగడం అలవాటు చేసుకున్నాను, ఈ మందుతో నీకేం కావాలమ్మా అని. సగం మంది నేను అనుకున్న జవాబే చెప్పేవాళ్ళు. మిగతా సగం మంది చెప్పినవి ఏ జాబితాలోనూ లేవు.