తమ్ముడి కంప్యూటర్ ఆపిన రోజు

నిరుడు వేసవిలో మా తమ్ముడు గుండెపోటుతో పోయాడు. పెళ్లి చేసుకోలేదు, గుణదలలో నాతోనే ఉండేవాడు. ఊళ్లు తిరిగి, పాత నేతగాళ్ల దగ్గర చీర అంచుల డిజైన్లు, వాటి పేర్లు సేకరించి సొంత వెబ్‌సైట్‌లో పెట్టేవాడు. ఆ సైట్ మొత్తం మా ఇంట్లోని పాత కంప్యూటర్‌లోనే ఉండేది, ఇంటి నెట్ మీదే నడిచేది. అందుకే దాన్ని ఎప్పుడూ ఆపేవాడు కాదు.

పదో రోజు మైల తీరాలని ఇల్లంతా కడిగాం. నీళ్లు ఆ కంప్యూటర్ దాకా వచ్చాయి.

"ముందు ఆ ప్లగ్ పీకవే, షాక్ కొడుతుంది," అంది పిన్ని. నేనే పీకాను.

రెండు రోజులకు మైలవరం నుంచి తమ్ముడి స్నేహితుడు ఫోన్ చేశాడు. "అక్కా, సైట్ రావట్లేదు. కరెంటు పోయిందా?"

ప్లగ్ పీకిన సంగతి చెప్పాను. సాయంత్రానికి బస్సెక్కి వచ్చేశాడు.

కంప్యూటర్ ఆన్ చేస్తే పాస్‌వర్డ్ అడిగింది. నడుస్తున్నంతసేపూ అన్నీ తెరిచే ఉంటాయట, ఒకసారి ఆపితే మాత్రం అది కొడితే తప్ప లోపలివేవీ తెరుచుకోవట. అమ్మ పేరు, నా పుట్టినరోజు, తోచినవన్నీ కొట్టాం, ఏదీ పనిచేయలేదు.

"వేరేచోట కాపీ పెట్టలేదా?" అని అడిగాను.

"పెట్టరా అని ఎన్నిసార్లు చెప్పానో. ఇంట్లోదే కదా, ఎక్కడికి పోతుందనేవాడు."

"నేను ఆపకుండా ఉంటే నువ్వు తీయగలిగేవాడివా?"

అతను తల వంచుకున్నాడు. "ఇప్పుడెందుకులే అక్కా."

తమ్ముడు పోయినప్పుడు, నా చేతుల్లో ఏమీ లేదని అందరూ ఓదార్చారు. వాడి సైట్ విషయంలో నాకు ఆ ఓదార్పు లేదు.