గిన్నెలో మిగలకూడదు

మా బడి వంటగదిలో ఆమెది పెద్ద గరిట, నాది కూరగాయల కత్తి. పదకొండేళ్లుగా ఇద్దరం ఒకే కప్పు కింద చెమటోడుస్తున్నాం. పిల్లలు ఆమెను గరిటమ్మ అంటారు, నేను అక్కా అని పిలుస్తాను. నాలుగు వందల మంది కూరకు కంటి అంచనాతో ఉప్పు వేసే మనిషి. అంత చేయి తిరిగిన మనిషికీ మధ్యాహ్నం ఒకటిన్నర అవుతుందంటే గుండెల్లో రాయి పడేది. అది సూపర్‌వైజరు వచ్చే వేళ.

ఆయన మంచివాడో చెడ్డవాడో నాకిప్పటికీ తెలియదు. వస్తాడు, మూతలెత్తి చూస్తాడు, మిగిలితే రాసుకుని పోతాడు. నెలలో మూడుసార్లు మిగిలితే వంటమనిషికి అంచనా తెలియదని లెక్క. అక్కకు ముందున్నామెను అలాగే ఇంటికి పంపేశారు. పోనీ మిగిలింది బయట ఎవరికైనా పెడదామంటే గేటు దాటించకూడదు, పారబోయనూ కూడదు. ఏ రోజు ఎంతమంది పిల్లలు వస్తారో హెడ్మాస్టరుకే తెలియదు, పొయ్యి దగ్గర మాకేం తెలుస్తుంది? ఈ నియమం పెట్టిన మహానుభావుణ్ణి ఒక్క పూట నా పక్కన కూర్చోబెట్టి ఉల్లిపాయలు తరిగించాలని ఉంటుంది నాకు.

దీనికి అక్క కనిపెట్టిన దారి ఒకటే. వద్దనడం చేతకాని పిల్లలను చూసుకుని, చివరి గరిటెలు వాళ్ల పళ్లాల్లోకి దింపేసేది. వాళ్లలో అందరికంటే దగ్గరగా దొరికింది సొంత మనవరాలే. అక్క కూతురు కుట్టు ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. అమ్మమ్మ కళ్లముందు ఉంటుంది కదా అని ఒక్కగానొక్క పిల్లను ఈ బడిలోనే చేర్చింది. ఇంట్లో అందరూ ఆ పిల్లను బుల్లి అంటారు. ఒకటో తరగతిలో చేరినప్పుడు నిజంగా బుల్లిగానే ఉండేది. నాలుగో తరగతికొచ్చేసరికి యూనిఫాం గుండీలు పట్టడం మానేశాయి, రెండు మెట్లెక్కితే ఆయాసం. "తినే వయసు, తిననీ అక్కా" అన్నదాన్ని నేనే. ఆ నోటికి తాళం వేసుకుని ఉంటే బాగుండేది.

పోయిన నెల నర్సు వచ్చి పిల్లల బరువులు తూచింది. బుల్లి జడ పక్కకు తీసి, మెడ వెనక నల్లటి చారను తడిగుడ్డతో రుద్ది చూసింది.

"ఇది మురికి కాదమ్మా. రక్తపరీక్ష చేయించండి. షుగర్ ఉందేమో చూడాలి" అంది.

తొమ్మిదేళ్ల పిల్లకు షుగరేమిటని అక్క నవ్వబోయింది. నవ్వు రాలేదు. ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది.

ఫలితం వచ్చే రోజు తోడుకు నన్ను కూడా రమ్మంది. ఆస్పత్రి వరండాలో బుల్లీ వాళ్లమ్మా బల్లకు ఆ చివర కూర్చుంటే మేమిద్దరం ఈ చివర ఒదిగి కూర్చున్నాం. అక్క ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని ఉంది.

"దానికేమన్నా అయితే అది నేను చేసిందే" అంది నా చెవిలో. "అమ్మాయికి చెప్పేయనా?"

"ముందు ఫలితం రానీ అక్కా" అన్నాను. భయంతో నా నోట వచ్చిన మాట అది. సలహా కాదు.

డాక్టరమ్మ కాగితం చూసి, "ఇంకా జబ్బు దాకా రాలేదు, అంచు మీద ఉంది. ఇలాగే తింటే ఏడాది తిరక్కుండా మందులు మొదలెట్టాలి. ఇంట్లో ఏం తింటుంది?" అని అడిగింది.

"రాత్రి సరిగ్గా తినదండీ, ఆకల్లేదంటుంది" అంది కూతురు.

"మరి బడిలో?"

"బడిలో మా అమ్మే వడ్డిస్తుంది. ఆ బెంగ లేదండీ."

అక్క నా చెయ్యి పట్టుకుంది. తను నోరు తెరవలేదు, నేనూ తెరవలేదు.

మర్నాడు వాన. పిల్లలు సగం మందే వచ్చారు. అక్క బుల్లికి ఒక్క గరిట వేసి, దాని మొహం చూడకుండా ముందుకు పంపేసింది. మిగతా పిల్లలకూ కొసరు వేయలేదు. ఒకటీ ఇరవైకి చూస్తే గిన్నెలో మూడోవంతు కూర అలాగే ఉంది. ఆ నెలలో అప్పటికే రెండుసార్లు మిగిలింది. అక్క ఆ గిన్నె చుట్టూ తిరుగుతోంది, మూత పెడుతోంది, మళ్లీ తీస్తోంది.

అప్పుడు వెనక తలుపు తోసుకుని బుల్లి వచ్చింది, చేతిలో పళ్లెంతో.

"తొందరగా పెట్టమ్మమ్మా. ఆయన బండి ఆపుతున్నాడు."

"ఆకలేస్తోందా తల్లీ?"

"ఆకలా? నాకెప్పుడూ వేయదు" అంది పిల్ల. "మిగిలితే నిన్ను పంపించేస్తారుగా. అందుకే తింటాను."

నా చేతిలో కత్తి ఆగిపోయింది. అక్క పడుతున్న భయాన్ని ఈ పిల్ల మూడేళ్లుగా పూటపూటా మింగుతోందని మా ఇద్దరికీ అప్పుడు తెలిసింది. అక్క ఏదో అనబోయేలోపే సూపర్‌వైజరు లోపలికి వచ్చి మూత ఎత్తాడు.

"ఇంత మిగిలిందేంటమ్మా? ఇది మూడోసారి" అంటూ జేబులోంచి పెన్ను తీశాడు.

"రాయకండి సార్" అంది బుల్లి ఏడుపు గొంతుతో. "నేను తినేస్తాను. మొత్తం తినేస్తాను."

ఆయన పెన్ను పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అక్క వంగి మనవరాలి చేతిలోంచి పళ్లెం తీసుకుని నాకిచ్చింది.

"మీరు రాసుకోండి సార్" అంది.