పీపాలో హీరో

నా చిన్నప్పుడు రేణిగుంట పక్కన మా ఊరికి టూరింగు టాకీసు వస్తే నా కాలు ఇంట్లో నిలిచేది కాదు. ఒకే ఒక్క సినిమా నన్ను పెరట్లో కూలబడేలా చేసింది. రాకెట్టెక్కి చందమామ మీదికి పోయే నవ్వుల సినిమా అది. ఇక్కణ్ణుంచి పోయినవాళ్లు పౌడరు పూసుకుని, రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడతారు. అక్కడుండేవాళ్లకు ఒళ్లంతా మసి పూసి, నెత్తిన కొబ్బరిపీచు పెట్టి, నోట్లో మా మాట పెట్టారు. "యాడికప్పా వచ్చినారు?" అని చంద్రలోకం పిల్ల పలకరించగానే హీరో జడుసుకుని పీపాలో దాక్కుంటాడు. ఇసకలో కూర్చున్న మా ఊరంతా పడీపడీ నవ్వింది. పొద్దస్తమానం తను మాట్లాడే మాటకే, తన ఒంటి రంగుకే నవ్వింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నేను నలుపు. మర్నాటికల్లా బడి దారిలో నా పేరు మారిపోయింది. "చంద్రలోకం పిల్ల వస్తాండాది, పీపా యాడరా?" అని పక్కింటి అబ్బాయి అరవడం, మిగతావాళ్లు పరుగు తీయడం. బడి మానేశాను. పెరట్లో ఇటుకపొడితో చెంపలు తోముకుంటుంటే మా మేనత్త చూసింది. ఆమె నాకంటే నలుపు. ఓదారుస్తుందనుకున్నాను. పొడి లాక్కుని విసిరికొట్టింది.

"ఏడుపొకటే వస్తాందా? కోపం రాలేదా నీకు?"

విత్తనాలకు శెనక్కాయలు ఒలిచే రోజుల్లో మా వీధి ఆడవాళ్లు ఒకచోట చేరేవారు. ఒకరు సినిమా కథ చెప్పాలి. చెప్పేవాళ్ల చేతులు ఆగిపోతాయి గనుక వినేవాళ్లు తలా గుప్పెడు గింజలు వాళ్ల చేటలో వెయ్యాలి. కథ నచ్చకపోతే చేట ఖాళీ. ఆ మధ్యాహ్నం వంతు మా అత్తది. నన్ను రెక్క పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది.

ఆమె కథలో హీరో రాకెట్టు నిండా వాంతులు చేసుకున్నాడు. చెమటకు పౌడరు కారి మొహం చారలు కట్టింది. చందమామ మీద దారి తెలియక ఏడుస్తుంటే, నల్లపిల్ల వచ్చి ఇంత గంజి పోసింది.

పక్కింటి పిన్నమ్మ, ఆ అబ్బాయి తల్లే, గింజలు వెయ్యకుండా గుప్పిట బిగించేసింది. "సినిమాలో అట్ల లేదు గదమ్మే!"

"తీసినోడు సందమామకు పొయ్యొచ్చినాడా యేమి? వాడు అబద్ధం సెప్తే దుడ్డిచ్చి నవ్వినారు, నేను సెప్తే తప్పా? నీ కొడుకు దీన్ని ఏమని పిలస్తాండాడో ఎరుకనా నీకు? నువ్వేమన్నా పాలతో కడిగినట్టుండావా?"

అత్త చేట తీసి నా ఒళ్లో పెట్టింది. "రాకెట్టు సెడిపోయింది. ఇంగేమైందో ఆ లోకం పిల్లే సెప్తాది."

చేట దగ్గరికి లాక్కున్నాను. రాకెట్టును నేనే బాగుచేశాను. హీరోను పీపాలో కూర్చోబెట్టి, మూత బిగించి, దాన్ని రాకెట్టు తోకకు కట్టి, తిరుమల కొండ చుట్టూ గిరగిరా తిప్పాను. "యాడికప్పా వచ్చినారు?" అన్నదానికి మర్యాదగా జవాబు చెప్పేదాకా మూత తీసేది లేదన్నాను.

పిన్నమ్మ చాలాసేపు ఓర్చుకుంది. చివరికి, "ఇంతకీ వాణ్ణి ఇడిసిపెట్టినావా లేదా, మే?" అంది.

"గుప్పెడెయ్యి, సెప్తా."

వేసింది. విడవలేదని చెప్పాను. మర్నాడు బడికి పోయాను. ఆ అబ్బాయి నోరు తెరవకముందే, "పీపాలో ఇంగొకరికి చోటుండాది" అన్నాను.

నావన్నీ కోతలని మావాళ్లు విసుక్కుంటారు. కోతలే. ఆ సినిమా ఇప్పటికీ టీవీలో వస్తుంది, జనం ఇప్పటికీ అక్కడే నవ్వుతారు. నేను లేచి టీవీ కట్టేసి, మొదటినుంచీ నేనే చెబుతాను. ఇన్నేళ్లయినా పీపాలోవాడు జవాబు చెప్పలేదు. నేనూ మూత తీయలేదు.