సముద్రం దాటిన నిమ్మకాయ

ఆ రోజుల్లో ప్రపంచ వ్యాపారమంతా నా భుజాల మీదే నడుస్తోందని నాకో గట్టి నమ్మకం ఉండేది. నిజానికి నేను సిడ్నీ శివారు పారమట్టాలో ఒక చిన్న ఎగుమతి కంపెనీలో కొత్తగా చేరిన కుర్రాణ్ణి. మా పని యూరప్‌కి బాదంపప్పు పంపడం. అక్కడి దేశాలన్నీ ఒక కూటమి. వాళ్లలో వాళ్లు సరుకు పంపుకోవడమంటే మనం వంటింట్లోంచి హాల్లోకి గిన్నె తెచ్చుకున్నట్టే. ఆస్ట్రేలియా ఆ కూటమిలో లేదు కాబట్టి మమ్మల్ని మాత్రం గుమ్మంలోనే నిలబెట్టి, సవాలక్ష పరీక్షలు చేసి, అప్పుడు లోపలికి రానిచ్చేవారు. ఆ మొదటి కంటెయినర్ క్షేమంగా చేరితేనే నా ఉద్యోగం పర్మనెంటు, దాంతోపాటు వీసా స్పాన్సర్‌షిప్పూ. అందుకని పప్పుకి పరీక్షలు, పప్పు కింద వేసే చెక్కలకి (అవును, చెక్కలకి కూడా) పురుగు లేదన్న ముద్రలు, అన్నీ దగ్గరుండి చేయించాను.

తీరా లోడింగ్ రోజున మా అకౌంట్స్ ఆంటీ గోడౌన్‌కి వచ్చింది. ఆవిడది కరీంనగర్. ఆఫీసులో ఆవిడ మాటకి బాస్ కూడా ఎదురుచెప్పడు.

"కాయితాలన్నీ మంచిగనే ఉన్నయి గని, దిష్టి తీసినవా బిడ్డా?" అంది.

"ఎక్స్‌పోర్ట్‌కి దిష్టేంటి ఆంటీ?" అన్నాను.

"గంత దూరం పోతుంటే దిష్టి తగలదా? నీ వీసా దాని మీదనే ఉన్నదాయె" అంటూ హ్యాండ్‌బ్యాగులోంచి దారానికి గుచ్చిన నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు తీసింది. (అవి అందులో ఎప్పట్నుంచి ఉన్నాయో అడిగే ధైర్యం నాకు లేదు.) మూడుసార్లు తిప్పి కంటెయినర్ తలుపుకి కట్టమంది. బయట కడితే హైవే మీద ఊడిపోతుందని లోపలి కొక్కేనికి కట్టడం మాత్రం పూర్తిగా నా సొంత తెలివి. కట్టాక, "ఇగ పంపు బిడ్డా" అంది ఆంటీ.

కొన్ని వారాలకి యూరప్ రేవు అధికారుల నుంచి ఒక ఫోటో వచ్చింది. వడిలిపోయిన నా నిమ్మకాయ, పక్కన కొలబద్ద. కూటమి బయటి దేశం నుంచి చెప్పాపెట్టకుండా వచ్చిన తాజా పండు కాబట్టి కంటెయినర్ మొత్తం ఆపేశామనీ, సంజాయిషీ కావాలనీ రాశారు. మా బాస్ (ఎప్పుడూ గొంతు పెంచడు కాబట్టి మేం చాటుగా నెమ్మదయ్య అనేవాళ్లం) పిలిచి, "మేట్, వాట్ ఈజ్ దిస్?" అన్నాడు. నేను సిడ్నీ నుంచి హైదరాబాద్‌కి టికెట్ ఎంతుంటుందా అని ఆలోచిస్తున్నాను. ఇంతలో ఎవరూ పిలవకుండానే ఆంటీ లోపలికొచ్చింది.

"ఫర్ సేఫ్టీ సర్. వితౌట్ దిస్, బిగ్ ప్రాబ్లమ్ విల్ కమ్."

నెమ్మదయ్య ఆ ఫోటోని ఆంటీ వైపు తిప్పాడు. "దిస్ ఈజ్ ద బిగ్ ప్రాబ్లమ్" అన్నాడు, నెమ్మదిగానే.

ఆ మధ్యాహ్నమంతా కూర్చుని, అది తినడానికీ అమ్మడానికీ కాదని, ఇతరుల అసూయ నుంచి సరుకుని కాపాడే ఏర్పాటని నాకొచ్చిన ఇంగ్లీషులో సంజాయిషీ రాశాను. వాళ్లు చదివి ఏమనుకున్నారో గానీ, నిమ్మకాయని శాస్త్రోక్తంగా తగలబెట్టి, బాదంపప్పుని వదిలేశారు. నెమ్మదయ్య నా వీసా కాగితాల మీద సంతకం పెట్టాడు. "చూసినవా, దిష్టంత నిమ్మకాయకే తగిలింది, పప్పుకేం కాలే" అంది ఆంటీ.

ఇప్పుడు నెమ్మదయ్య కుర్చీలో నేను కూర్చుంటున్నాను. ఆంటీ రిటైరై, సన్నీబ్యాంక్ అనే ఊళ్లో కూతురి దగ్గర ఉంటోంది. ప్రతి కంటెయినర్‌నీ మూలమూలలా వెతికిస్తాను, చిన్న ఆకు కనిపించినా ఊరుకోను. కానీ సీలు వేసే ముందు అటూ ఇటూ చూసి, ఎవరూ లేరనుకున్నాక, ఉత్త చేతుల్ని మూడుసార్లు తిప్పుతాను. గాలికి సర్టిఫికెట్ అడిగే కూటమి ఇంకా పుట్టలేదు కదా. తిప్పాక ఆవిడ "ఇగ పంపు బిడ్డా" అనదు. అందుకే ఆ మాట నేనే అనుకుని తలుపు వేయిస్తాను.